బృంద చిత్రం నేర్చుకుందాం – 6వ పాఠం: వాషింగ్టన్ కుటుంబం, ఒకే బల్ల చుట్టూ ఐదుగురు

గత ఐదు పాఠాల్లో తల, చేయి, బట్ట మడత, కూర్చున్న మనిషి, నిలబడ్డ మనిషి – ఒక్కొక్కటీ విడివిడిగా సాధన చేశాం. విడిగా చక్కగా కుదిరిన బొమ్మలే ఒక కాన్వాస్ మీదికి చేరగానే పొసగకుండా పోతాయి. ఎందుకు పొసగవో, ఎలా పొసగనివ్వాలో ఈ పాఠం విషయం. నకలు తీయడానికి ఎంచుకున్నది ఎడ్వర్డ్ సావేజ్ వేసిన ‘వాషింగ్టన్ కుటుంబం’. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్, భార్య మార్తా, ఆమె మనుమడు, మనుమరాలు, వెనక నిలబడ్డ ఒక బానిస సేవకుడు – మొత్తం ఐదుగురు. 1789లో మొదలై 1796లో పూర్తయిన తైలవర్ణ చిత్రం. ఇప్పుడు వాషింగ్టన్ నగరంలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

ఇంతకంటే నేర్పుగా వేసిన కుటుంబ చిత్రాలు ఆ కాలంలోనే ఉన్నాయి. జాన్ సింగిల్టన్ కాప్లీ 1776–77లో తన సొంత కుటుంబాన్ని వేసుకున్న చిత్రం ఇదే గ్యాలరీలో ఉంది. అందులో పిల్లలు తల్లిని వాటేసుకుంటారు, పసిబిడ్డ తాత ఒడిలో కదులుతుంటుంది, ఒకరి ఆకారం ఇంకొకరి ఆకారంలోకి అల్లుకుపోతుంది. అయినా నకలుకి సావేజ్‌నే తీసుకోమంటున్నాం. కాప్లీ పనిలో అతుకులు కనబడవు కాబట్టి చూసి ఆనందించగలం గానీ, ఎలా కుట్టాడో పట్టుకోవడం కష్టం. సావేజ్ కుట్లన్నీ పైకే కనిపిస్తాయి. నేర్చుకునే చేతికి అవే కావాలి.

ఈ చిత్రం ఎలా తయారైందో ముందు తెలియాలి

సావేజ్ 1761లో మసాచుసెట్స్‌లోని ప్రిన్స్‌టన్ అనే ఊళ్లో పుట్టాడు. హార్వర్డ్ కాలేజీకి వాషింగ్టన్ చిత్తరువు వేసే పని మీద 1789 చివర్లో న్యూయార్క్ వెళ్లాడు. అప్పట్లో దేశ రాజధాని న్యూయార్కే. 1789 డిసెంబరు, 1790 జనవరి నెలల్లో వాషింగ్టన్ అతని ముందు కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే మార్తావి, పిల్లలవి కూడా ముఖాలు విడివిడిగా వేసుకున్నాడు. 1791లో లండన్ వెళ్లి 1794లో తిరిగొచ్చాడు. పెద్ద కాన్వాస్‌ని ఫిలడెల్ఫియాలో 1796లో ముగించి అక్కడే తన గ్యాలరీలో జనానికి చూపించాడు. 1798 మార్చిలో దాని రాగిరేకు ముద్రణ వెలువడింది. ఇళ్లలో గోడలకెక్కింది ఎక్కువగా ఆ ముద్రణే. వాషింగ్టన్ తన మౌంట్ వెర్నన్ ఇంట్లో కూడా ఒకటి వేలాడదీసుకున్నాడు.

ఇప్పుడు బల్ల మీద పరిచిన పటం చూడండి. అది పోటోమాక్ నది ఒడ్డున కట్టబోయే కొత్త రాజధాని నగరం పటం. మార్తా మడిచిన విసనకర్రతో అందులోని పెద్ద వీధిని చూపిస్తోంది. రాజధాని అక్కడ కట్టాలన్న చట్టం 1790 జులైలో వచ్చింది. పియెర్ లాంఫాన్ నగర నమూనా గీసింది 1791లో, అది అచ్చయింది 1792లో. అంటే ఈ కుటుంబం సావేజ్ ముందు కూర్చున్ననాటికి వాళ్లందర్నీ కలుపుతున్న ఆ కాగితం లోకంలోనే లేదు. ముఖాలు ముందు వచ్చాయి, వాటిని కలిపే వస్తువు ఏళ్ల తర్వాత వచ్చి చేరింది. ఈ పాఠమంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

మన దగ్గర కూడా కుటుంబ చిత్రం వేయమని వచ్చేవాళ్లు ఇచ్చేది ఇదే సరుకు: నాన్నగారిది పాత స్టూడియో ఫోటో, అమ్మది పెళ్లినాటిది, అబ్బాయిది ఫోన్‌లో తీసింది. వెలుగు వేరు, ఎత్తు వేరు, వయసు వేరు. సావేజ్‌కి ఎదురైన చిక్కు, మీకు ఎదురయ్యే చిక్కు ఒకటే.

కొలత, కాన్వాస్, గళ్లు

అసలు చిత్రం ఎత్తు 213.6 సెం.మీ., వెడల్పు 284.2 సెం.మీ. మనుషులు నిలువెత్తు సైజులో ఉంటారు. మనకి బజార్లో సులువుగా దొరికే 18 × 24 అంగుళాల కాన్వాస్ ఈ చిత్రానికి దాదాపు అచ్చంగా సరిపోతుంది. అసలులో వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 1.33, మన కాన్వాస్‌లోనూ 1.33. 24 అంగుళాల పొడవులో తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు. ఇంత సులువుగా కుదిరే పెద్ద చిత్రం అరుదు, అందుకే 16 × 20 గానీ 20 × 30 గానీ ఇంట్లో ఉంది కదా అని వాడకండి.

నేషనల్ గ్యాలరీ ఈ చిత్రాన్ని పెద్ద సైజులో ఉచితంగా దించుకోనిస్తుంది. అక్కడిదే తీసుకోండి. ఎక్కడెక్కడో తిరిగిన బొమ్మల్లో అంచులు కోసేసి ఉంటాయి, పసుపు ఎక్కి ఉంటుంది. ప్రింటు ఎ3 కాగితం మీద తీయించాలి, కానీ బొమ్మ 12 × 9 అంగుళాలే రావాలని షాపులో గట్టిగా చెప్పండి. కాగితం నిండా సాగదీస్తే అందరూ అడ్డంగా లావెక్కుతారు. ఇంటికొచ్చాక స్కేలు పెట్టి కొలిచాకే పని మొదలుపెట్టండి.

ప్రింటు మీద ఒకటిన్నర అంగుళానికో గీత, కాన్వాస్ మీద మూడంగుళాలకో గీత. రెండింటిలోనూ అడ్డంగా 8, నిలువుగా 6, మొత్తం 48 గళ్లు వస్తాయి. నిలువు వరుసలకి 1 నుంచి 8, అడ్డ వరుసలకి క, ఖ, గ, ఘ, చ, ఛ అని పేర్లు పెట్టుకోండి. మీ ఒక్కో గడి అసలు చిత్రంలో ముప్పై అయిదున్నర సెంటీమీటర్ల చదరం. ఐదు తలల చుట్టూ, బల్ల మీది చేతుల చుట్టూ మాత్రం గడిని మళ్లీ అంగుళం గళ్లుగా, అంటే తొమ్మిదిగా చీల్చండి. మిగతా చోట్ల చీల్చకండి. అన్నిచోట్లా చిన్న గళ్లు వేస్తే చూపు గడి దాటి పోదు, మొత్తం ఆకారం జారిపోతుంది.

గళ్లు పెన్సిల్‌తో వేయకండి. పెన్సిల్ గీత ఆయిల్ పొర కిందనుంచి కొన్నేళ్లకైనా పైకి కనబడుతుంది, ముఖ్యంగా లేత రంగుల్లోంచి. సన్న దారానికి బొగ్గుపొడి రాసి, రెండు వైపులా గట్టిగా పట్టుకుని, మేస్త్రీలు గోడకి తాడు కొట్టినట్టు కొట్టండి. సన్నని గీత పడుతుంది, పని కాగానే మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

కాన్వాస్ గురించి ఒక మాట. అసలులో నిలువెత్తు ముఖం సుమారు 23 సెం.మీ. ఉంటే మన నకలులో అది 4.9 సెం.మీ. అవుతుంది, రెండంగుళాలకి కాస్త తక్కువ. కన్ను ఆరేడు మిల్లీమీటర్లు. కొట్లో కొన్న నూలు కాన్వాస్ నేత మీద ఇంత చిన్న కన్ను నిలవదు, కుంచె నేత గుంటల్లో పడి వంకర పోతుంది. అందుకని పైన ఇంకో రెండు పూతలు గెస్సో (రంగు పట్టడానికి కాన్వాస్‌కి ముందుగా వేసే తెల్లటి అడుగు పూత) పలచగా వేసి, ఆరాక 220 నంబరు ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. గోరుతో గీకితే నేత ఇంకా కొద్దిగా తగలాలి. మరీ అద్దంలా చేస్తే రంగు పట్టుకోదు.

గీత: ముఖం చివర, బల్ల ముందు

చిత్రం ఎడమ నుంచి కుడికి ఇలా ఉంది. భూగోళం దగ్గర నిలబడ్డ కుర్రవాడు, అతని భుజం మీద చేయి వేసి కూర్చున్న వాషింగ్టన్, మధ్యలో బల్ల, బల్లకి అవతల నిలబడ్డ మనుమరాలు నెల్లీ, కుడివైపు కూర్చున్న మార్తా, ఆమె వెనక సేవకుడు. వెనకాల రెండు స్తంభాలు, పక్కకి లాగిన తెర, మధ్యలోంచి పోటోమాక్ నది.

అలవాటు కొద్దీ అందరూ వాషింగ్టన్ ముఖంతో మొదలుపెడతారు. అది మంచిగా కుదురుతుంది కూడా. ఆ తర్వాత మిగతావన్నీ దానికి తగ్గట్టు జరపలేక చతికిలబడతారు. క్రమం ఇలా పెట్టుకోండి: ముందు బల్ల పైఅంచు, పటం నాలుగు మూలలు. తర్వాత రెండు స్తంభాల నిలువు గీతలు. తర్వాత ఐదు తలలకి ఐదు కోడిగుడ్డు ఆకారాలు, లోపల ఏమీ లేకుండా. ఆ తర్వాత చేతులు. చివరికి ఒళ్లు, బట్టలు. ముఖంలోని కళ్లు ముక్కు ఈరోజు అసలు ముట్టుకోవద్దు.

చేతులు తలలకంటే ముందు ఆలోచించదగ్గవి, ఎందుకంటే ఈ చిత్రంలో మనుషుల్ని కలిపేది అవే. వాషింగ్టన్ ఎడమ చేయి కాగితాల మీద ఉంది, కుడి చేయి మనుమడి భుజం మీద. మార్తా పటం పట్టుకుని విసనకర్రతో చూపిస్తోంది. నెల్లీ పటం ఎత్తి పట్టడానికి సాయం చేస్తోంది. కుర్రవాడి చేయి భూగోళం మీద. సేవకుడి చేతులు మాత్రం బల్ల దాకా రావు. ఒక బటర్ పేపర్ ప్రింటు మీద పరిచి చేయి నుంచి చేతికి గీత కలుపుకుంటూ పోండి. నలుగురూ ఒక గొలుసులో పడతారు, ఐదోవాడు గొలుసుకి బయట ఉంటాడు. ఈ గొలుసు ఒక్క చోట అర అంగుళం తెగినా చిత్రం రెండుగా విడిపోతుంది. తరచుగా తెగేది నెల్లీ చేయి, పటం అంచు కలిసేచోట. అక్కడ మూడుసార్లు కొలవండి.

బొగ్గు గీత కుదిరాక, రా అంబర్ రంగుని టర్పెంటైన్‌లో టీనీళ్లంత పలచగా కలిపి 1 నంబరు గుండ్రటి కుంచెతో గీతలన్నీ మీదనుంచి దిద్దండి. ఒక రాత్రి ఆరనిచ్చి, బొగ్గునీ గళ్లనీ దులిపేయండి.

చూపుల గీతలు

ఈ భాగానికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. ఇంకో బటర్ పేపర్ తీసుకుని, ఐదు ముఖాల మీదా రెండేసి బాణాలు వేయండి. ఎర్ర బాణం ముక్కు ఎటు తిరిగి ఉందో చెప్పాలి, నీలి బాణం కనుపాప ఎటు చూస్తోందో చెప్పాలి. బాణాలు పొడిగించి ఎక్కడికి చేరుతున్నాయో చూడండి. ఇంతమంది ఒక పటం చుట్టూ చేరారు కదా, ఒకరి చూపు ఇంకొకరి చూపుని కలవదు. ప్రతివాళ్లూ ఒంటరిగా కూర్చుని ఎదుటి చిత్రకారుణ్ణో శూన్యాన్నో చూసినట్టే ఉంటారు. న్యూయార్క్ గదిలో విడివిడిగా వేసుకున్న ముఖాలు కాన్వాస్ మీదికి అలాగే వచ్చేశాయి. చేతులు తర్వాత అమర్చాడు కాబట్టి కలిశాయి, తలలు తిప్పలేదు కాబట్టి కలవలేదు.

చూపుని నిర్ణయించేది కనుపాప ఒక్కటే అనుకోవడం పెద్ద పొరపాటు. అవే కళ్లని వేరే వైపు తిరిగిన ముక్కు మీద పెడితే చూపు మారినట్టు కనిపిస్తుందని 1824లో విలియం హైడ్ వొలాస్టన్ బొమ్మలతో చూపించాడు. కాబట్టి చూపు దిద్దాలంటే తల కూడా కాస్త తిరగాలి. మన కొలతలో నల్లగుడ్డు వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని అర మిల్లీమీటరు జరిపితేనే మనిషి పటం చూస్తున్నాడా, గోడ చూస్తున్నాడా అన్నది మారిపోతుంది. అంతకు మించి జరిపితే మెల్లకన్ను వస్తుంది. అక్కడితో ఆగి, ఇంకా కావాలంటే ముక్కు గీతని తిప్పాలి.

ఇదే పద్ధతిలో వెలుగు కూడా చూడండి. ఒక్కో ముఖంలో ముక్కు నీడ ఎటు పడింది, గడ్డం కింద నీడ ఎంత లోతు – పక్కన రాసుకోండి. మీ సొంత కుటుంబ చిత్రానికి ఫోటోలు పోగేసినప్పుడు ఈ పట్టిక వేయకుండా కాన్వాస్ ముట్టుకోకండి. ఎక్కువమందిలో నీడ ఎటు ఉందో అటే ఖాయం చేసుకుని, మిగతావాళ్ల ముఖాల్ని ఆ వెలుగులో ఊహించి గీయాలి. ఫోటోని అద్దంలోలా తిప్పేస్తే పని తేలికవుతుంది కదా అని చాలామంది చేస్తారు. పాపిడి, పుట్టుమచ్చ, ముక్కుపుడక అటుదిటు అయిపోతాయి, ఇంట్లోవాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు.

వయసు, సైజు

మనుమడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ 1781లో పుట్టాడు, నెల్లీ 1779లో. సావేజ్ ముందు కూర్చున్నప్పుడు ఒకరికి ఎనిమిది, ఇంకొకరికి పది. చిత్రం పూర్తయ్యేనాటికి కుర్రవాడికి దగ్గరదగ్గర పదిహేను, అమ్మాయికి పదిహేడు. రాగిరేకు పని మాత్రం న్యూయార్క్ ముఖాలతోనే సగం దాకా అయిపోయింది. చిత్రంలో చేసిన మార్పులు రేకులో చేయలేకపోయానని, పిల్లలు ఇప్పుడున్నట్టు అందులో లేరని సావేజే 1798లో వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు. చిత్రాన్నీ ముద్రణనీ పక్కపక్కన పెట్టి పిల్లల ముఖాలు పోల్చండి. వయసు ఏ గీతలో ఉంటుందో తెలియడానికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

ఎనిమిదేళ్ల పిల్లవాడి పుర్రె పైభాగం పెద్దవాళ్లదానికి దగ్గర్లోకి వచ్చేస్తుంది. ఎదగాల్సింది ముక్కు కింది భాగం, దవడ. అందుకని కళ్లు తల సగానికి కొంచెం కిందికి ఉంటాయి, ముక్కు నుంచి గడ్డం దాకా దూరం పొట్టిగా ఉంటుంది. నిలువెత్తు ఆరున్నర తలలు. పదిహేనేళ్లకి ఏడు తలలు దాటుతుంది, పెద్దవాళ్లకి ఏడున్నర. పెద్దవాడి తలని చిన్నది చేసి పిల్లవాడి ఒంటికి పెడితే మరుగుజ్జులా కనిపిస్తాడు. ఆ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది.

దూరాన్ని బట్టి తగ్గే సైజు ఇంకో సంగతి. చిత్రకారుడి నుంచి నాలుగు మీటర్ల దూరంలో ఒకరు, ఐదు మీటర్ల దూరంలో ఇంకొకరు ఉంటే వెనకవాళ్ల తల ముందువాళ్ల తలలో అయిదింట నాలుగు వంతులే కనబడాలి. విడివిడి ముఖాలు అతికించేటప్పుడు అందరూ ఒకే సైజులో వచ్చేస్తారు, అప్పుడు వెనక నిలబడ్డవాడు ముందువాడి భుజం మీద కూర్చున్నట్టుంటాడు. మీ నకలులో ఐదు తలలూ గడ్డం నుంచి నడినెత్తి దాకా డివైడర్‌తో కొలిచి, పక్కన మిల్లీమీటర్లలో రాయండి.

కింది పూత, రంగులు

మొదటి పూత అంబర్, తెలుపు రెండింటితోనే. నాలుగు ఛాయలు చాలు: తెలుపు, లేత, నడిమి, ముదురు. మార్తా పట్టుగౌను, నెల్లీ తెల్లగౌను, పటం – వెలుగంతా ఈ మూడింటిలోనే ఉంది. పటాన్ని గౌన్లంత తెల్లగా వేస్తే మూడూ కలిసిపోయి బల్ల మాయమవుతుంది. కళ్లు సగం మూసి చూసి, పటాన్ని ఒక మెట్టు తగ్గించండి. ఈ పూతలో టర్పెంటైన్ మాత్రమే, నూనె వద్దు. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది.

ప్యాలెట్ మీద ఎనిమిది రంగులు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, లైట్ రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, ప్రష్యన్ బ్లూ, ఐవరీ బ్లాక్. ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన రంగు, ఆ కాలపు కాన్వాస్‌ల మీద విరివిగా కనిపిస్తుంది. కాన్వాస్ మొత్తానికి అన్ని పొరలకీ కలిపి 60 నుంచి 80 మి.లీ. రంగు పడుతుంది, అందులో సగానికి దగ్గరగా తెలుపే. తెలుపు పెద్ద ట్యూబు, మిగతావి చిన్నవి కొనండి.

వాషింగ్టన్ సైనిక కోటు ముదురు నీలం: అంబర్ రెండు పాళ్లు, ప్రష్యన్ బ్లూ ఒక పాలు, వెలుగు పడేచోట చిటికెడు తెలుపు. ప్రష్యన్ బ్లూ బియ్యపుగింజంత తీసినా పక్క రంగుల్ని మింగేస్తుంది, కాబట్టి దానికి వేరే కత్తి, వేరే కుంచె పెట్టుకోండి. లోపలి చొక్కా, లాగు గేదెతోలు పసుపు: తెలుపు నాలుగు పాళ్లు, ఆకర్ రెండు, అంబర్ అర. ఆకర్ ఒక్కటే వేస్తే పసుపుముద్దలా మెరిసి ముఖం కంటే ముందుకొస్తుంది. అధ్యక్షుడికి సైనిక దుస్తులు ఎందుకంటే, యూనిఫాం అతని సేనానాయకత్వానికి గుర్తు, చేతి కింది కాగితాలు అధ్యక్ష పదవికి గుర్తు. సావేజ్ అలా ఉద్దేశించి పెట్టినవే. కాబట్టి కాగితాలని నీడలోకి తోసేయకండి.

మార్తా భుజాల మీది నల్ల లేసు శాలువ చాలామందిని ఓడిస్తుంది. కింది గౌను పూర్తిగా వేసి వారం రోజులు ఆరనివ్వాలి. తర్వాత ఐవరీ బ్లాక్‌ని లిన్సీడ్ (అవిసె) నూనె, టర్పెంటైన్ చెరిసగం కలిపిన దాంట్లో పలచన చేసి, కింద మడతలు కనిపించేలా ఒక చాయ తోలండి. అది ఆరాకే 0 నంబరు కుంచెతో లేసు పువ్వులు, అదీ మడత మలుపుల దగ్గరే. పచ్చి తెలుపు మీద నలుపు పెడితే బూడిదముద్ద అవుతుంది, తుడిస్తే గౌను కూడా పోతుంది.

నూనె పాళ్లు గుర్తుంచుకోండి: మొదటి పొరకి టర్పెంటైన్ మాత్రమే, రెండో పొరకి టర్పెంటైన్ రెండు పాళ్లకి లిన్సీడ్ ఒకటి, చివరి పొరకి సమానం. దీన్ని తిరగేస్తే పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, కిందిది ఇంకా కదులుతుంటుంది, కొన్ని నెలల్లో పగుళ్లు వస్తాయి. కోస్తా ఊళ్లలో వానాకాలం గాలిలో తేమ వల్ల ఆరడానికి చెప్పిన రోజులకి ఇంకో సగం కలుపుకోండి. నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా మూల పడేయకండి. లిన్సీడ్ ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

ముఖాలు

మాంసఛాయకి మూలం: తెలుపు నాలుగు పాళ్లు, ఆకర్ ఒకటి, లైట్ రెడ్ అర. నీడకి ఇందులో అంబర్, రవ్వంత ప్రష్యన్ బ్లూ. వాషింగ్టన్‌కి అప్పుడు 57 ఏళ్లు. 1789లో అధ్యక్ష ప్రమాణం చేసేనాటికి నోట్లో మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను, మిగతావి కట్టుడు పళ్లు. అందువల్ల పెదవుల కింద సహజమైన పల్లం ఉండదు, నోరు బిగించినట్టుంటుంది. మీకు తెలిసిన అనాటమీ ప్రకారం కింది పెదవి కింద నీడ లోతుగా వేశారంటే పోలిక పోతుంది.

సేవకుడి ముఖం గురించి వివరంగా చెప్పాలి. సావేజ్ అతన్ని మార్తా కుర్చీ వెనక నీడలో నిలబెట్టి, ముఖాన్ని వెనక చీకట్లో కలిపేశాడు. పటం చుట్టూ అల్లుకున్న చేతుల గొలుసు నుంచి అతన్ని బయట పెట్టడం కూడా ఏమరుపాటు కాదు. 1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. ఆ ఇంటి పని నడిచింది వాళ్ల చేతుల మీదే. నకలు కాబట్టి అతన్ని ఉన్నచోటే ఉంచాలి. కానీ ముఖాన్ని గోధుమ మచ్చగా వదిలేయడం మన చేతగానితనం అవుతుంది. ముదురు ఛాయకి నలుపు వాడకండి, బూడిదబారుతుంది. బర్న్ట్ సియెన్నా మూడు పాళ్లు, అలిజరిన్ అర, ప్రష్యన్ బ్లూ చిటికెడు – ఇది నడిమి ఛాయ. వెలుగు పడే నుదురు, చెంప ఎముక దగ్గర తెలుపుకి రవ్వంత నీలం కలిపి చల్లగా ఉంచాలి. ముదురు చర్మం మీద వెలుగు చాలాసార్లు చల్లగా కనిపిస్తుంది. మన ఇళ్లలో మనుషుల్ని వేయడానికి మీకు ఎక్కువగా పనికొచ్చే మిశ్రమం ఇదే. ట్యూబులో ‘స్కిన్’ అని దొరికే గులాబీ రంగుతో మన ముఖాలు రావు.

ఆరాక కొన్నిచోట్ల రంగు వాడిపోయినట్టు మాసి కనబడితే భయపడకండి. కింది పూత నూనె పీల్చేసింది, అంతే. లిన్సీడ్ రెండు చుక్కలు మెత్తటి గుడ్డతో ఆ మేర పలచగా రుద్ది, మిగులు తుడిచేస్తే అసలు ఛాయ తిరిగొస్తుంది. ఆ తర్వాతే రంగు సరిపోయిందో లేదో తేల్చుకోండి. మాసిన రంగుని చూసి దిద్దితే మొత్తం నల్లబడుతుంది.

ఈ వారం ఇంటిపని

నకలు పూర్తయ్యాక 9 × 12 అంగుళాల కాగితం మీద, రంగు లేకుండా బొగ్గుతో ఒక దిద్దుబాటు బొమ్మ వేయండి. సావేజ్ పెట్టిన ఒళ్లు, చేతులు, బల్ల, పటం కదలకూడదు. తలలు మాత్రం మీ ఇష్టం. మార్తా చూపు విసనకర్ర కొన మీదికి రావాలి, నెల్లీ చూపు మార్తా మీదికి. కుర్రవాడిని వాషింగ్టన్ వైపు తిప్పండి. వాషింగ్టన్‌ని తిప్పవద్దు, ఒక్కడైనా బయటికి చూస్తుంటేనే చూసేవాళ్లకి లోపలికి దారి ఉంటుంది. తలలు తిరిగేసరికి మెడ కండరం, కాలరు, భుజం ఎత్తు కూడా మారతాయి. ముందటి పాఠాల్లోని మెడ అభ్యాసం పక్కన పెట్టుకోండి.

అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉన్న పాఠకులు ఈ బొమ్మతో నేరుగా గ్యాలరీకి వెళ్లండి, ప్రవేశానికి టికెట్ లేదు. అసలు చిత్రానికి ఎనిమిది పది అడుగుల దూరంలో నిలబడితే ప్రింటులో తెలియని ఒక సంగతి తెలుస్తుంది: నిలువెత్తు సైజులో తలల మధ్య ఖాళీ ఎంత పెద్దదో. మీ ప్రింటు వెనక ఆ ఖాళీలని తలల లెక్కన రాసుకురండి. వాషింగ్టన్ తలకీ నెల్లీ తలకీ మధ్య ఎన్ని తలలు పడతాయి, నెల్లీకీ మార్తాకీ మధ్య ఎన్ని. ఇంట్లో ఉన్నవాళ్లు డివైడర్‌తో ప్రింటు మీదే కొలవండి. 7వ పాఠంలో ఆ అంకెలతోనే మీ సొంత కుటుంబ ఫోటోలని ఒక బల్ల చుట్టూ చేర్చడం మొదలుపెడతాం. అప్పటికి ఒక్కొక్కరిదీ ఒక్కో ఫోటో, నీడల పట్టిక, ఇంట్లో అందరి చేతులూ తాకగల ఒక వస్తువు – ఈ మూడూ సిద్ధంగా ఉంచుకోండి.